గొంతు కొలత

అనంతగిరి దగ్గర కొండ పల్లెలో పుట్టిన గాసి పంతొమ్మిదేళ్లు విశాఖపట్నంలో, కృష్ణమూర్తి గారి తుపాకుల వర్క్‌షాపులో పనిచేశాడు. లైసెన్సున్న షాపు అది. పోటీల్లో కాల్చేవాళ్లు తమకు తగినట్టు రైఫిళ్లు అక్కడ చేయించుకునేవారు.

తూటా కూర్చునే గదికీ, గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు మొదలయ్యే చోటుకీ నడుమ కాస్త నున్నటి జాగా ఉంటుంది. షాపులో దాన్ని థ్రోట్ అనేవారు, గాసి గొంతు అనేవాడు. ఏ రైఫిల్ గొంతు దానిదే. గుండు ముక్కు గాడులకు వెంట్రుకవాసి ఎడంగా ఆగాలంటే దాన్ని మందు నింపిన ఇత్తడి తొడుగులోకి ఎంత లోతు దించాలో గాసి చెప్పినట్టు ఎవరూ చెప్పలేకపోయేవారు. గెలిచినవాళ్లు శాలువాలు మాత్రం కృష్ణమూర్తికి కప్పేవారు.

రాష్ట్ర జట్టులో ఉన్న విజయనగరం అమ్మాయి సాయిదుర్గ రైఫిల్‌కి కొత్త గొట్టం వేశారు. గాసి కొలిచి చూస్తే గొంతు పొట్టిగా ఉంది. పాత కొలతకు చేసి ఉంచిన తూటాల్లో గుండు గాడులకు గట్టిగా తగులుకుంటోంది.

"ఈ తూటాలు పనికిరావు సార్. గుండు ఇరుక్కుపోతంది. పేలితే ఒత్తిడి ఎనక్కి తంతాది. అన్నీ మళ్లీ సెయ్యాల," అన్నాడు.

"ఎల్లుండే పోటీ. ఇంత తేడాకి ఏమైపోతుందోయ్? సంతకం పెట్టు," అంటూ కృష్ణమూర్తి తనిఖీ రిజిస్టరు ముందుకు తోశాడు.

ఈ పని పోతే ఇలాంటి పని ఇంకొకడు ఇవ్వడు. గాసి సంతకం పెట్టేశాడు.

పోటీలో నాలుగో తూటాకి మంట వెనక్కి చిమ్మింది. కళ్లద్దాలు పగిలి సాయిదుర్గ కుడికన్ను పోయింది. పోలీసులకు కృష్ణమూర్తి రిజిస్టరు చూపించాడు. "ఏజెన్సీ మనిషి, చదువు లేదు. నమ్మి పని అప్పగించాను," అన్నాడు.

పని పోయి గాసి ఊరు చేరాడు. కేసు నడుస్తుండగా ఒకనాడు సాయిదుర్గ జీపెక్కి అక్కడికి వచ్చింది. గాసి భార్య చిన్నమ్మి కుర్చీ వేసింది. ఆమె కూర్చోలేదు.

"అన్నా, నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా. సార్‌కి సెప్పాను. ఇన్నేదు."

"నాకెందుకు చెప్పలేదు? నా నంబరు నీ దగ్గరుంది కదా."

చిన్నమ్మి తెచ్చిన టీ ముట్టకుండానే సాయిదుర్గ జీపెక్కింది.

కోర్టులో గాసి ఉన్నదున్నట్టు చెప్పాడు. కృష్ణమూర్తి లాయరు ఒక్కటే అడిగాడు, సంతకం ఎవరిదని. నాదేనన్నాడు గాసి. కృష్ణమూర్తి బయటపడ్డాడు. గాసికి ఆరు నెలల జైలు పడింది.

ఇప్పుడతను ఊళ్లో కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్లు బాగుచేస్తున్నాడు. తుపాకీ పని తెలిసినవాడు కొండల్లో ఉన్నాడని పోలీసులు వారం వారం స్టేషనుకు పిలిపిస్తారు. బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి పంపేస్తారు. సాయిదుర్గ ఎడమకంటితో కాల్చడం నేర్చుకుంటోందని అక్కడి పేపర్లోనే చదివాడు. ఆమె నంబరుకి ఒకసారి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు.