రుక్కమ్మ కేక

ధరూర్ దాటి కృష్ణా నది వైపు పోతుంటే మా చేన్లు వస్తాయి. నా చేనుకీ రుక్కమ్మ చేనుకీ మధ్య గట్టు ఒకటే. నాది నా పేరు మీద ఉంది. ఆమెది కౌలు చేను.

రుక్కమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆమె గొంతు సంగతి చెప్పాలి. ఊళ్లో గుడి మైకొకటి, పంచాయతీ మైకొకటి, మూడోది రుక్కమ్మ అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. మంచె ఎక్కి "హోయ్" అని ఒక్క కేక పెట్టిందంటే ఆమె చేన్లో జింకలే కాదు, నా చేన్లో ఉన్నవి కూడా తోక ముడిచేవి. ఏళ్ల తరబడి నా పంట ఆ కేక మీదే ఇంటికొచ్చింది. ఏనాడూ ఆమెకో గ్లాసు చాయ్ పోసింది లేదు.

ఆ చేనుకి కంచె లేదు, చీరలున్నాయి. పాత చీరలు తెచ్చి కట్టెలకు కట్టి చుట్టూ నిలబెడతాం, మా వైపు అందరం చేసే పనే. గాలికి చీర ఊగితే మనిషి కదిలినట్టుంటుంది, జింక దగ్గరికి రాదు. ఊళ్లో ఎవరి చీర చిరిగినా రుక్కమ్మకే చేరేది. నా ఆకుపచ్చ చీర కూడా గట్టు మూలన ఉండేది. విత్తు వేసిన రోజు కట్టిన చీరలు పంట కోసి లేపేదాకా ఆమె విప్పదు.

"జింక కండ్లకు అది మనిషి. ఒక్కసారి దాటి లోపల మేసిందనుకో, ఇగ అది ఉత్త గుడ్డ. మల్ల బయపడదు" అనేది.

భర్త కురుమయ్య పోయాక కూడా ఆ చేను వదల్లేదు. కానీ ఒక పంట వానకు కుళ్లింది, ఇంకొకటి అడవిపందుల పాలైంది. చేను గలాయన నరేందర్ పటేల్ గద్వాలలో ఉంటాడు. ఈసారి పల్లి వేసేటప్పుడే చెప్పేశాడు.

"ఈ పంట గిన ఇంటికి రాకుంటే వేరేటోళ్లకిస్త రుక్కమ్మా. నన్ను తప్పు పట్టకు."

ఆమెకు అది తప్ప వేరే చేను లేదు. వేరే పనీ రాదు. అందుకే ఆ యేడు మంచె మీదే వండుకుంది, మంచె మీదే పడుకుంది. పల్లి ఏపుగా పెరిగి ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు దాన్ని చూసి నాకే కొంచెం కుళ్లు పుట్టింది.

సరిగ్గా అప్పుడు దిగాడు విజయ్. రుక్కమ్మ తమ్ముడి కొడుకు. చిన్నప్పుడే తల్లి పోతే ఈమే పెంచింది. గద్వాలలో కారు నడుపుతాడు. ఇప్పుడు సఫారీలు మొదలుపెట్టాడట. హైదరాబాద్ నుంచి ఒక మొగుడూపెళ్లాం వస్తున్నారు, వాళ్లిద్దరికే మూడు రోజుల తిరుగుడు. మంచె మీద కూర్చొని చేతులూపుతూ చెప్పాడు.

"మొదటి దినం ఎడారి చూపిస్త అత్తా."

"ఎడారి ఏడుందిరా ఈడ?"

"ఇదే."

మా రాళ్ల గుట్టలూ, ఎర్ర బీళ్లూ, ఏటి ఒడ్డున ఇసుకా చూపించాడు. పెళ్లయిన నాటి నుంచి ఎడారిలో కాపురం చేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

ఆ మొదటి రోజు సాయంత్రమే జింకలు, రెండో రోజు పాన్‌గల్ కోట, మూడో రోజు నాగర్‌కర్నూల్ మీదుగా నల్లమల, పులి.

"పులి కనవడ్తదా?" అంది రుక్కమ్మ.

"ఎవనికి తెల్సు. అందుకే జింకలన్న కనవడాలె. గవి గూడ కనవడకుంటే నా పేరు ఖరాబైతది. దూరంకెల్లి ఉరికేటియి కాదు, నీ మంచె కాడికి రావాలె. ఒక్క దిక్కు చీరలు విప్పత్తా. ఒక్క మాపటి పూట."

"నీకేమన్న తిక్క లేసిందారా?" అని ఆమె కసిరింది. కసిరినప్పుడు నా ప్రాణం కుదుటపడింది. కానీ వాడు ఆమె చేతుల్లో పెరిగినవాడు, ఎక్కడ నొక్కాలో వాడికి తెలుసు.

"నీ కేక లేదా అత్తా? గట్టు దాటంగనే ఒక్క కేక పెట్టు, ఉరుకుతయి. నీ అసుంటి గొంతు ఈ జిల్లాల ఎవరికుంది?"

రుక్కమ్మ నవ్వింది. అయిపోయింది. వద్దే అని నేను మొత్తుకున్నా వినలేదు. "నా కేక మీద నాకు నమ్మకం లేదా ఏంది?" అని, వాళ్లొచ్చే రోజు ఒక్క దిక్కు చీరలు తనే విప్పింది. నా ఆకుపచ్చది మడతపెట్టి నా చేతికిచ్చింది.

సాయంత్రం కారొచ్చింది, హైదరాబాద్ వాళ్లిద్దరూ దిగారు. ఆవిడ పేరు రోహిణి. మంచి మనుషులే, రుక్కమ్మకు దండం పెట్టారు, నాకు బిస్కట్లిచ్చారు. వాళ్లు మంచె ఎక్కారు. విజయ్ రుక్కమ్మను మంచె కింద కూర్చోబెట్టాడు.

"నేను చెప్పేదాంక నోరు తెరవకు అత్తా."

నేను గట్టు మీదే ఉన్నాను. ముందు ఒక నల్లటి మగజింక వచ్చింది. చీరలు లేని చోట ఆగి వాసన చూసింది. లోపల కాలు పెట్టింది. రుక్కమ్మ విజయ్ వైపు చూసింది. ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు వాడు. వెనకే ఆడవీ పిల్లలూ దిగాయి. పల్లి చెట్లు పుటుక్కుమని తెగుతుంటే ఆ చప్పుడు నాదాకా వినిపించింది. పైన రోహిణి "ఎంత ముద్దుగా తింటున్నాయో చూడండి" అంటోంది. రుక్కమ్మ లేవబోయింది. వాడు భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పెంచిన అత్తను పట్టి కూర్చోబెట్టిన ఆ వెధవను చెప్పుతో కొట్టాలనిపించింది నాకు.

వెలుగు పోయి ఫోటోలు రావని పైనున్నవాళ్లు అన్నాకే "ఇగ కేక పెట్టు" అన్నాడు విజయ్. ఆమె అరిచింది. జింకలు కొంచెం దూరం పోయి, నములుతూ నిలబడ్డాయి.

చీరలు ఆ రాత్రే తిరిగి కట్టింది, నా చేతికిచ్చిన ఆకుపచ్చది కూడా అడిగి తీసుకుంది. తెల్లారి చూస్తే జింకలు నా ఆకుపచ్చ చీరను తలతో పక్కకు నెట్టి, సొంత ఇంటి పరదా తీసినట్టు తీసి, లోపలికి పోతున్నాయి. ఆ రోజు నుంచి చీర ఉత్త గుడ్డ. జింకకు దెబ్బ తగిలితే అడవి శాఖవాళ్లు కేసు పెడతారని రాయి విసరడానికి భయం. పగలూ రాత్రీ అరిచింది రుక్కమ్మ. అరిచి అరిచి గొంతు పోయింది. ఆమె చేను అయ్యాక నా చేన్లోకీ దిగాయి.

నల్లమలలో వాళ్లకు పులి కనిపించలేదట. అయినా జింకల ఫోటోలు చూసి విజయ్‌కి ఫోన్లే ఫోన్లు. అందరికీ ఆ చేనే కావాలట.

పల్లి లేపే నాటికి లేపడానికి ఏమీ లేదు. పటేల్ వచ్చాడు, విజయ్ కార్లోనే వచ్చాడు. "నేను ముందే చెప్పిన గద రుక్కమ్మా" అన్నాడు. చేను విజయ్‌కి ఇచ్చాడు. జింకల కోసమే జొన్న చల్లుతాడట. కంచే చేను మేయడమంటే సామెతనుకున్నాను, కళ్లారా చూశాను.

"నన్నొక్క మాట అడిగినవా బిడ్డా?" అంది రుక్కమ్మ, బొంగురు గొంతుతో.

"పరేషాన్ గాకత్తా. నీకు పనిస్త. ఈడనే ఉండు. ఆకర్ల ఒక కేక పెట్టాలె, అవి ఉరకాలె. వచ్చేటోళ్లు గదే అడుగుతుండ్రు."

వాడి మొహాన ఉమ్మి రావే అన్నాను. ఆమె మర్నాటి నుంచి పనిలోకి పోయింది. తిండి ఎవరు పెడతారు, నేనా?

మొన్న ఆదివారం కొత్తవాళ్లు వచ్చారు. కురుమయ్య కట్టిన మంచె మీద వాళ్లు, కింద రుక్కమ్మ. విజయ్ సైగ చేశాడు. ఆమె "హోయ్" అంది. జింకలు తలెత్తి చూశాయి. ఓహో, రుక్కమ్మేనా అన్నట్టు మళ్లీ మేతలో పడ్డాయి.

పైనుంచి ఒక అమ్మాయి వంగి చూసింది.

"అమ్మా, అవి పరిగెత్తలేదు. వీడియో రాలేదు. ఇంకోసారి గట్టిగా అరవండి, ప్లీజ్."

రుక్కమ్మ గట్టు మీదున్న నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

ఆమె మళ్లీ అరిచింది.