క్లచ్చి మీద ఎడమ కాలు

మొన్న కర్నూలులో మా మేనకోడలి కారులో పోతుంటే ముందున్న లారీ నుంచి క్లచ్చి ప్లేటు మాడిన వాసన గుప్పుమంది. మా మేనకోడలి కారు ఆటోమేటిక్, దానికి అసలు క్లచ్చే లేదు. అయినా నా ఎడమ కాలు దానంతట అదే వెనక్కి జరిగింది. ఆ కాలికి బుద్ధి చెప్పింది డాక్టర్ సుగుణమ్మ గారు.

పందొమ్మిది వందల యాభైల్లో వేంపల్లె దగ్గర చిన్న క్రైస్తవ మిషను ఆసుపత్రిలో ఆమె డాక్టరు, నేను నర్సును. మా జీపు డ్రైవరు ఎప్పుడూ క్లచ్చి మీద కాలు ఆనించే నడిపేవాడు. ప్లేటు అరిగి అరిగి, ఒకసారి నిండు నెలల మనిషితో బండి దారిలోనే నిలిచిపోయింది. ఆ తల్లి దక్కలేదు. మరునాడే సుగుణమ్మ గారు డ్రైవరు దగ్గర జీపు తాళం తీసుకుని నా చేతిలో పెట్టారు.

"నాకు నడపడం వచ్చు, కానీ వెనకాల మనిషిని ఎవరు చూస్తారు? నువ్వు నేర్చుకో రూతమ్మా."

"జనం నవ్వుతారు డాక్టరమ్మా."

"నవ్వనీ. వాళ్ల నవ్వు అయిపోయేదాకా నొప్పులు ఆగుతాయా?"

నాకు కుట్టు మిషను అలవాటు. కాలు పెడలు మీద నుంచి తీయబుద్ధయ్యేది కాదు. ఆమె పక్కన కూర్చుని నా మోకాలి మీద చరిచేవారు. "తొక్కితే పూర్తిగా తొక్కు, వదిలితే పూర్తిగా వదులు. ఊరికే ఆనించినావంటే లోపల అరిగిపోతాంటాది, నీకు తెలియను కూడా తెలీదు." ఆమె మీద ఎంత కోపం వచ్చేదో!

ఆ ఎండాకాలం పాపాఘ్ని ఏటి అవతలి పల్లె నుంచి ఒక గర్భిణిని తీసుకొస్తున్నాం. ఏటి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. భయంతో నా కాలు మళ్లీ క్లచ్చి మీదకే పోయింది. ఇంజను మొత్తుకుంటోంది, బండి కదలదు. మాడు వాసన లేచింది.

"ఏమమ్మా, నిలబడిపోయిందా?" అని ఆ పిల్ల అత్త ఏడుపు మొదలుపెట్టింది.

"మీరు రండి డాక్టరమ్మా" అన్నాను.

"నా చేతులు ఖాళీగా లేవు. బండి సల్లారనీ. కాలు నువ్వే తీయాల" అన్నారామె, తల ఎత్తకుండానే.

ఇంజను ఆపి, వెంట వచ్చిన మగవాళ్ల చేత చక్రాల కింద కంప వేయించాను. వాసన తగ్గాక మొదటి గేరు వేసి, మెల్లగా వదిలి, కాలు పూర్తిగా తీసేశాను. బండి మూలుగుతూ గట్టెక్కింది.

ఆసుపత్రిలో తల్లీ బిడ్డా దక్కారు. సుగుణమ్మ గారు చేతులు కడుక్కుని బయటికి వచ్చారు. మెచ్చుకుంటారని నిలబడ్డాను. "రేపు నేను ఈడ ఉండాల. పల్లెలకు నువ్వొక్కదానివే పో" అని లోపలికి వెళ్లిపోయారు.

వెళ్లాను. ఆమె పోయాక కూడా ఏళ్ల తరబడి వెళ్తూనే ఉన్నాను. భయం పోయిందని చెప్పను, ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు కాలు తీసి ముందుకే పోతాను.