ఈశాన్యం మూల పైపు

గవర్నర్‌పేటలో నాలుగంతస్తుల చీరల షాపులో ఊడ్చే పని నాది. యాభై దాటాక మా పేటలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటపడిన ప్రతి రాతా చదవకుండా ఉండలేను.

మూడో అంతస్తులో కప్పు కింద హాలు పొడవునా ఎర్ర పైపు ఒకటి ఉంది. నిప్పంటుకుంటే దానికున్న స్ప్రింక్లర్లు నీళ్లు చిమ్ముతాయట. అంతవరకూ ఆ నీళ్లు ఎటూ పారవు. మా తలల మీద, చీకట్లో, నిండుగా నిలబడి ఉంటాయి. పైపును నిలువు రాడ్లతో కప్పుకు వేలాడదీశారు. పక్కలకు ఊగకుండా మధ్యమధ్య ఏటవాలుగా ఇనుప బద్దలు బిగించారు.

వాస్తు చూసే సిద్ధాంతిగారు వచ్చి, ఈశాన్యం మూల ఆ బద్దలు బల్లేల్లా గుచ్చుతున్నాయన్నారు. మర్నాడే ఆ మూల నాలుగు బద్దలూ విప్పించేశారు. ఊడుస్తుంటే, ఆ బద్దకు కట్టి ఉండి ఊడిపడ్డ అట్టముక్క ఒకటి నా చీపురుకు తగిలింది. కూడబలుక్కుని చదివాను. భూకంపం వస్తే పైపును పట్టి ఉంచేది ఈ బద్దేనని, తీయవద్దని ఉంది.

సరిగ్గా ఆ పైపు కింద, పరుపు మీద కూర్చుని పట్టుచీరలు చూపించేది మా అమ్మాయి.

అట్టముక్క పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లి, పైపు పడుతుందేమోనన్నాను.

"రాడ్లున్నాయిగా పెద్దమ్మా, ఎందుకు పడుద్ది?"

"వేలాడేది ఊగదా అండీ? అంత నీళ్ల బరువుతో ఊగితే ఆ రాడ్లు ఆగుతాయా?"

"నాలుగు అక్షరాలు రాగానే ఇంజనీరువైపోయావే! శ్రావణం రానీ, సిద్ధాంతిగారినడిగి బిగిద్దాం. ఆషాఢంలో కొత్త పని మొదలెట్టరు."

"భూమి పంచాంగం చూసుకుని కదులుద్దా అండీ?"

ఆయన నవ్వుకుంటూ ఆషాఢం డిస్కౌంట్ బోర్డు కట్టించడానికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం, షాపు తెరవకముందు, ఆ హాల్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఫ్యాన్లు వేయలేదు. ఈగ వాలితే గేదె చర్మం జలదరించినట్టు నా అరికాళ్ల కింద నేల జలదరించింది. చీరలు కట్టిన బొమ్మల చేతులు టకటకమన్నాయి. అంతలోనే ఆగిపోయింది. తల ఎత్తాను. బద్దలున్న వైపు పైపు కదలడం లేదు. ఈశాన్యం వైపు మాత్రం ఊగుతోంది, మెల్లగా, ఎవరో నిద్రపుచ్చుతున్నట్టు. పైపు లోపల గుటక పడినట్టు చప్పుడైంది. నేల ఆగాక కూడా ఆ ఊపు చాలాసేపు ఆగలేదు.

మా అమ్మాయికి చెప్పాను.

"ఇంకో మూల కూర్చోవే."

"కాటన్ సెక్షన్లో పడేస్తారమ్మా. పట్టు సెక్షన్ కోసం ఎన్నాళ్లు చూశానో నీకు తెలీదా?"

నా మాట వినలేదు. ఆ రోజంతా పని వంక పెట్టుకుని అక్కడక్కడే తిరిగాను. అది పైట మీద చీర వేసుకుని చూపిస్తుంటే, నా కళ్లు దాని మీద లేవు.

"పైకి చూడకమ్మా," అంది పళ్ల బిగువున. "వాళ్లూ చూస్తున్నారు."

నిజమే. పరుపు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరూ తలలెత్తి చూస్తున్నారు. ఒకావిడ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఒక్కొక్కరే లేచి అవతలి వైపుకు జరిగారు. తర్వాత వచ్చినవాళ్లు కూడా, ఎవరూ చెప్పకుండానే, ఆ పరుపు దాకా వచ్చి ఆగి, పక్కకు తప్పుకున్నారు. సాయంత్రానికి అక్కడ మా అమ్మాయి ఒక్కతే మిగిలింది. మేనేజరు దూరం నుంచి ఆ ఖాళీ పరుపును చూశాడు. తర్వాత పైపును చూశాడు.

మర్నాడు ఏడు గంటలకే ఫిట్టరు బద్దలు తెచ్చాడు. ముహూర్తం ఊసు ఎవరూ ఎత్తలేదు. నిచ్చెనెక్కి పైపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"పెద్దమ్మా, అటు చివర పట్టుకుంది ఎవరు? ఊపొద్దని చెప్పు."

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం బాబూ."

అతను బోల్టు అందుకున్నాడు. మెట్ల మీద మా అమ్మాయి చెప్పుల చప్పుడు వినపడింది. బిగించేదాకా పైకి రావద్దని కేకేశాను.