ఉమాశంకర్ దిద్దని ఫోటో

భోగాపురం జంక్షన్ చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్లినా గోడ మీద ఒకటే ఆకాశం కనిపిస్తుంది. లేత నీలం రంగు, ఎడమ మూల రెండు తెల్ల మబ్బులు. పెళ్లి జంట వెనక అవే మబ్బులు, పోయిన తాత వెనక అవే మబ్బులు, మొదటి పుట్టినరోజు పిల్ల వెనకా అవే. అది ఉమాశంకర్ ఆకాశం. పాతికేళ్లుగా బస్టాపు ఎదురుగా ఫోటో స్టూడియో నడుపుతున్న ఆ మనిషి, ఎవరినీ ఉన్నవాళ్లని ఉన్నట్టు బయటికి పంపలేదు. చొక్కా లేనివాడికి చొక్కా వేశాడు. మెడలో పుస్తెలతాడు తప్ప మరేమీ లేని ఆడవాళ్లకు నెక్లెసు పెట్టాడు. నల్లటివాళ్లందరూ అతని దుకాణంలో చామనఛాయ అయ్యారు.

నా పీజీ ఎంట్రన్సు హాల్ టికెట్టు కోసం తీసిన ఫోటోలో ముక్కు పక్కనున్న నా మచ్చ తీసేశాడు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు టికెట్టు వైపు, నా వైపు మూడుసార్లు చూసి, "ఇది నువ్వేనా?" అని అడిగాడు. మూడు గంటలూ దొంగలా కూర్చుని రాశాను. తర్వాత వెళ్లి అడిగితే ఉమాశంకర్ ఆశ్చర్యపోయాడు.

"మచ్చుంటే బావుంటాదేటి పాపా?"

ఆ రోజు నుంచి అతని దుకాణంలో తయారైన ఏ బొమ్మనూ నేను నమ్మలేదు. అయినా వెళ్లక తప్పేది కాదు. నా పరిశోధనకు కావలసిన పాత పత్రికల పేజీలు చిరిగిపోకుండా స్కాన్ చేసే మనిషి దగ్గరలో ఇంకొకరు లేరు. స్కానరు లోపల దీపం మెల్లగా పాకుతుంటే అతను తన సంగతులు చెప్పేవాడు.

అతనిది పొందూరు. వాళ్లమ్మ ఖద్దరు నూలు వడికేది. వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చెత్తా నలకా లేకుండా చేసేది. చిన్నప్పుడు ఉమాశంకర్ పని కూడా అదే. పదహారో ఏట విజయనగరంలో ఒక స్టూడియోలో చేరితే అక్కడా అదే పని ఇచ్చారట. భూతద్దం కింద నెగటివు పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖాల మీద మచ్చలు కప్పడం. తర్వాత కంప్యూటరు వచ్చింది, పెన్సిలు పోయి మౌసు వచ్చింది. "నలక కనబడితే నా సెయ్యి ఆగదు పాపా" అనేవాడు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. స్టూడియో మీది రేకులు ఎగిరిపోయాయి. నెగటివులు దాచిన రేకు పెట్టెల్లోకి నీళ్లు వెళ్లాయి. ఆ తర్వాత నెల రోజుల పాటు తడిసిన ఫోటోలు పట్టుకుని జనం వస్తూనే ఉన్నారు. కూర్మమ్మ కూడా అలాగే వచ్చింది.

కూర్మమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చే మనిషే. భర్త గంగులు అప్పటికి మూడేళ్ల క్రితం జ్వరంతో పోయాడు. అతని పడవను అప్పటినుంచి అతని తమ్ముడు ఎర్రన్న నడిపాడు. తుఫానులో ఆ పడవ ముక్కలైపోయింది. పడవ పోయినవాళ్లకు కొత్త పడవ వస్తుందని, ఎవరి పడవ ఎవరిదో ఊరి పెద్దలు పేర్లు రాసి పంపాలని కబురొచ్చింది. పడవ తనదేనని ఎర్రన్న పెద్దలకు చెప్పాడు. తన మొగుడిదని కూర్మమ్మ చెప్పింది. కాగితాలు లేవు. పడవ మీది పాత రాతల్ని గంగులు పోయాక ఎర్రన్న కొత్త రంగుతో కప్పేశాడు. కూర్మమ్మకు మిగిలింది ఒక్క ఫోటో. 2007లో పడవను మొదటిసారి నీళ్లలోకి దించిన రోజు గంగులు గంగమ్మకు కొబ్బరికాయ కొడుతుండగా ఉమాశంకర్ తీసిన ఫోటో అది.

"మా అల్లుడు బాబీ ఊరోళ్ల పడవల మీద కూలికెల్తన్నాడు బాబూ. ఆ పడవొస్తే ఆడికి సొంతంగా సేపల ఏట ఉంటాది. బాగా సెయ్యి" అంది.

ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఉమాశంకర్ దాన్ని జాగ్రత్తగా ఊడదీసి స్కాన్ చేశాడు. గంగులు ముఖం బాగానే ఉంది. పడవ మూతి మీద పేరుండే చోట మాత్రం తెల్లటి మరక.

"ఇక్కడ ఏటి రాసుండేది అప్పా?"

"ఇంకేటుంటాది, మా మావ పేరు."

ఉమాశంకర్ మరక చెరిపాడు. ఆ చోట ఎర్ర అక్షరాలతో 'పి. గంగులు' అని టైపు చేశాడు. గంగులుకు ఒక చొక్కా వేశాడు. ఆకాశం మార్చాడు. నేను పక్క బల్ల మీదే కూర్చుని చూస్తున్నాను. తప్పు జరుగుతోందని నాకు తెలుసు. నోరు విప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే కూర్మమ్మ గంప లేకుండా వచ్చింది.

"నా పరువు తీసీసినావు కదరా!" అని గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "పెద్దల ముందు ఎర్రన్న ఏటన్నాడో తెల్సా? ఈ అచ్చరాలు సూడండి, పెయింటరు రాసినట్టున్నాయా, పెళ్లి కార్డు మీద అచ్చేసినట్టున్నాయా అన్నాడు. మా అన్న సొక్కా ఏసుకుని పడవ దించినాడేటి అన్నాడు. అందరూ నవ్వినారు. నన్ను దొంగన్నారు!"

"నువ్వే కదప్పా పేరుండేదన్నావు..."

"ఉండేదన్నాను. రాయమన్నానేటి? నిన్న ఎర్రన్న నీ కొట్లోంచి బయటికొచ్చినాడట. నీకేటిచ్చినాడు?"

ఉమాశంకర్ ముఖం పాలిపోయింది. ఎర్రన్న రావడం నేనూ చూశాను. లోపల ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను. అందుకే అతను ఏం చెబుతాడా అని నేనూ ఎదురు చూశాను.

"నెగటివు దొరికితే తనకే ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను" అన్నాడు చివరికి.

"దొరికిందేటి?"

"ఎతకాల."

మర్నాడు స్టూడియో తలుపు వేసి ఉంది. ఆ మర్నాడూ అంతే. జంక్షన్‌లో మాట పాకిపోయింది. ఎర్రన్న ముట్టజెప్పాడని కొందరు, అసలు ఆ రోజు ఉమాశంకర్ ఫోటో తియ్యనే లేదని, అదంతా కంప్యూటరులోనే పుట్టిందని ఇంకొందరు. టీ కొట్టు తాయారైతే తన పెళ్లి ఫోటో మీద కూడా అనుమానం పడింది. "అందులో మా ఆయన నవ్వుతన్నాడు. ఆ రోజు ఆయన నవ్వినట్టు నాకు గేపకం నేదు" అంది. నాకు నవ్వొచ్చింది గానీ, నా మనసులోనూ అదే ఉంది. ముక్కు పక్క మచ్చ తీసినవాడు ఏదైనా తీయగలడు, ఏదైనా పెట్టగలడు.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు ఓరగా తెరిచి ఉంటే కూర్మమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. "నాకు సదువు రాదు. నువ్వు సూడు" అంది.

లోపల నేల మీద నాలుగు బేసిన్ల నిండా నీళ్లున్నాయి. తుఫాను తడికి ఒకదానికొకటి అంటుకుపోయిన నెగటివు ముక్కలు వాటిలో నానుతున్నాయి. గోడ నుంచి గోడకు కట్టిన తాళ్ల మీద బట్టల క్లిప్పులకు వందలకొద్దీ వేలాడుతున్నాయి. రెండు రోజులుగా ఉమాశంకర్ చేసిన పని అది. అతని వేళ్ల చివర్లు నానిపోయి తెల్లగా ముడతలు పడ్డాయి.

"దొరికింది" అని, ఒక ముక్కను స్కానరులో పెట్టాడు. బొమ్మ తెర మీదికి మెల్లగా దిగింది. పడవ, సముద్రం, వేపమండలు, పసుపు నీళ్లు. గంగులు ఒంటి మీద చొక్కా లేదు. బొమ్మ నిండా తెల్లటి చుక్కలు, గీతలు.

కూర్మమ్మ తెరకు దగ్గరగా వచ్చి చూసింది. వెంటనే వెనక్కి తగ్గింది.

"ఇది కూడా మార్సీసినావు!"

"నేదప్పా, నాను ముట్టుకోనేదు!"

"మా మావ గంగమ్మకి ఎడం సేత్తో కొబ్బరికాయ కొడతాడేటిరా? ఎవడైనా కొడతాడా?"

నిజమే. కొబ్బరికాయ ఎడమ చేతిలో ఉంది. పడవ మీది రాత చదవబోతే అది కూడా తిరగబడి ఉంది. ఉమాశంకర్ ఒక క్షణం తెల్లబోయి, తల మీద కొట్టుకున్నాడు. కంగారులో నెగటివును తిరగేసి పెట్టాడు. తీసి, రెండో వైపు తిప్పి మళ్లీ స్కాన్ చేశాడు. కొబ్బరికాయ కుడిచేతికి వచ్చింది. అక్షరాలు సరిగ్గా నిలబడ్డాయి. పేరున్న చోటును పెద్దది చేశాడు.

పెయింటరు వంకరగా రాసిన ఎర్ర అక్షరాలు. పైన 'పి. గంగులు'. దాని కింద, కొంచెం చిన్నగా, 'పి. ఎర్రన్న'.

ఉమాశంకర్ నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. అతని చెయ్యి మౌసు మీదే ఉంది. ఆ రెండో పేరు అతనికి నలకతో సమానం, చెరపడం అరనిమిషం పని. ఈసారి టైపు చేయక్కర్లేదు కాబట్టి ఎవరికీ దొరకదు కూడా. కూర్మమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఏటి రాసున్నాది?"

ఆమె నా వైపు తిరిగింది.

"సదువు పాపా. నీకేటి భయం?"

చదివాను. రెండు పేర్లూ చదివాను. కూర్మమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. అప్పుడామె బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆమెకు ఈ సంగతి ఇప్పుడే తెలిసిందో, ఎప్పుడో తెలిసి మరిచిపోవాలనుకుందో ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఉమాశంకర్ అలవాటు కొద్దీ గంగులు భుజం మీది తెల్లచుక్క దగ్గరికి బాణం గుర్తును జరిపాడు. కూర్మమ్మ లేచి అతని మణికట్టు పట్టుకుంది.

"సెయ్యి తియ్యి. ఏదీ ముట్టుకోకు. ఎలగున్నాదో అలగే ఉండనియ్యి."

మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా నలకలతో ఒక బొమ్మ ఉండగా అతను ఊరికే కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి.

ప్రింటును ఎవరూ నమ్మరని అతనికి తెలుసు. అందుకే నెగటివునే కవరులో పెట్టి పెద్దల దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెనకే వెళ్లి వలలు ఆరేసిన చోట నిలబడ్డాను. పెద్దలు ఒక్కొక్కరే దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, భూతద్దం పెట్టి చూశారు. ఎర్రన్న వంతు వచ్చింది. చాలాసేపు చూశాడు.

"నాను అబద్దమాడనేదు వదినా" అన్నాడు దించకుండానే. "సగం సెప్పినాను, అంతే."

"ఇన్నాళ్లకి సగం దిగొచ్చినావు" అంది కూర్మమ్మ. తన సగం గురించి ఏమీ అనలేదు.

జాబితాలో రెండు పేర్లూ వెళ్లాయి. వచ్చే పడవ మీద బాబీ, ఎర్రన్న ఇద్దరూ వేటకు పోవాలని పెద్దలు చెప్పారు. వాళ్లిద్దరూ ఒకే పడవలో ఎలా కూర్చుంటారో చూడాలని ఊరంతా ఆసక్తిగా ఉంది.

నెల తర్వాత కూర్మమ్మ ఫ్రేము కట్టిన ఫోటో తీసుకోవడానికి వచ్చింది. ఉమాశంకర్ చొక్కా వేయలేదు, ఆకాశం మార్చలేదు. చుక్కలు, గీతలు అలాగే ఉన్నాయి. అంత అసహ్యంగా ఉన్న ఫోటో తన దుకాణంలోంచి వెళుతున్నందుకు అతను సిగ్గుపడుతున్నట్టే ఉన్నాడు. కూర్మమ్మ అద్దం మీద గోటితో ఆ రెండో పేరు దగ్గర గీసింది.

"ఉమాశంకరం, నిజం సెప్పు. ఈ పేరు నువ్వు రాయనేదు కదా?"

అతను సొరుగు తెరిచి, నెగటివు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కూర్మమ్మ రోడ్డు మీదికి వెళ్లి దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంది. కాసేపు చూసి, రెండో వైపు తిప్పింది. కొబ్బరికాయ ఏ చేతిలో ఉందో చూసుకుంటోంది.