విమల అమ్మమ్మ గురించి నేను చెప్పని సగం

ఇన్నేళ్ళుగా ఇది నా గొంతులో ముల్లులా ఉంది. భర్తకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా చుట్టూ తిప్పి ప్రార్థించానే తప్ప, చేసిన పనిని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రియాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు. విమలా నేనూ నర్సులం. ఇద్దరిదీ గోదావరి వైపే, ఉండేదీ ఒకే గదిలో. మొదట నితాఖత్ అన్నారు, ఉద్యోగాల్లో సౌదీవాళ్ళకే ముందు వాటా అని; తర్వాత లెవీ అన్నారు, బయటివాళ్ళ తలకింత పన్ను అని; చివరికి బయటి దేశాలవాళ్ళను తగ్గిస్తామన్నారు. మా ఇద్దరిలో ఒకరి కాంట్రాక్టు ఆగిపోతుందని వార్డంతటికీ తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక జపాన్ ఇంజినీరు భార్య కాలు విరిగి చేరింది. ఫోనులో తన మేనత్త పాత ఫొటో చూపించింది. తెల్లగా పూసిన ముఖం, పట్టు కిమోనో. ఆమె గెయిషా అట. చిన్నప్పటి నుంచి వాద్యం, నాట్యం, పాట, చివరికి తలుపు ఎలా జరపాలో, అలసి వచ్చిన అతిథితో ఎలా మాట్లాడాలో కూడా ఏళ్ళ తరబడి నేర్చుకుందట. ఊరు ఆమె కళను మెచ్చుకుందట. ఇంట్లో మాత్రం ఆమె పేరు ఎత్తేవారు కాదట.

విమల ఆ ఫొటో వంక చాలాసేపు చూసింది. గదికి వచ్చాక నోరు విప్పింది.

"మా అమ్మమ్మా ఇంతేనే. కళావంతుల మేళంలో ఆడేది. పదాలు, జావళీలు అన్నీ పాడేది. సంస్కృతం కూడా చదివింది. మా అమ్మ ఆ ఊసే ఎత్తనిచ్చేది కాదు. నీకొక్కదానికే చెప్తున్నానే."

"నా దగ్గరే ఉంటదిలే," అన్నాను.

వారం తిరక్కుండా, మాలో ఎవరిని ఉంచాలో పైకి రాసే మేట్రన్ ముందు కూర్చున్నాను. విమల అమ్మమ్మ మగవాళ్ళ ముందు ఆడి బతికిందని చెప్పి, అక్కడితో ఆపాను. సంగీతం సంగతి చెప్పలేదు. చదువు సంగతి చెప్పలేదు. అబద్ధమాడలేదు కదా అని నన్ను నేను ఎన్నిసార్లు సమర్థించుకున్నానో! మిగతాది ఆవిడ ఊహకు వదిలేశాను. ఆవిడ ఏం ఊహిస్తుందో నాకు తెలియదా? తెలిసే కదా వెళ్ళాను?

ఇంటిల్లిపాదీ నా జీతం మీదే బతుకుతున్నారన్నది సాకు. అసలు సంగతి ఈర్ష్య. సూది గుచ్చేటప్పుడు విమల కూనిరాగం తీస్తే ఏడ్చే రోగి కూడా ఊరుకునేది. నన్ను ఏ రోగీ పేరు పెట్టి పిలవలేదు. ఆ రాగం తనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక మరీ కడుపు మండింది.

విమలకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఇక మళ్ళీ రాకుండా ఇంటికి పంపే ముద్ర. పైకి లెవీ వల్లనే అన్నారు. వార్డులో మాత్రం వాళ్ళ అమ్మమ్మ గురించి గుసగుసలు, ముసిముసి నవ్వులు. అవి విమల చెవినా పడ్డాయి.

వెళ్ళే రోజు పెట్టె సర్దుతూ నా వంక చూసింది. అడుగుతుందనుకున్నాను. అడిగితే కాళ్ళ మీద పడేదాన్నేమో. లేదు, అప్పుడూ బొంకేదాన్నే.

"డ్యూటీకి టైమైంది, వెళ్ళు," అంది. అంతే.

ఆ మాట తను నాకొక్కదానికే చెప్పింది. మరి బయటపెట్టింది ఎవరో తనకు తెలియదా? తెలుసు. తెలిసే నన్ను డ్యూటీకి పంపింది. ఆ డ్యూటీ నేను ఇంకా చేస్తున్నాను.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. మేట్రన్‌కు చెప్పింది నేనే. విమల అమ్మమ్మకు పదాలు వచ్చు, జావళీలు వచ్చు, సంస్కృతం వచ్చు. ఆ రోజు మింగేసిన సగం ఇదే. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.