చూలి ఆవుకు వద్దన్న కుడితి

కోవిల్‌పట్టి దగ్గర మా వీధిలో ఆవు చూలిదైతే చాలు, వీధంతా దానికి పుట్టిల్లే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు ఎవరింటి కుడితి కుండ వాళ్లు తెచ్చి మా తొట్లో వంచేవాళ్లు. ఆవు ఈనాక జున్నుపాలు, మా నోట సీంపాలు, ఆ ఇళ్లన్నింటికీ వెళ్లాలి. ఎదురింటి అక్కయితే కుడితి అడుగున అన్నం కూడా వేసేది. ఒక్కోసారి అప్పుడే వార్చిన అన్నం!

తొంభైల్లో మేం కొన్న మొదటి జెర్సీ ఆవును అలాగే మేపాం, పైగా నేను పుణ్ణాక్కు, అంటే నూనెచెక్క, నానేసి పెట్టేదాన్ని. నున్నగా, గుండ్రంగా తయారైతే చూసి మురిసిపోయాం. ఈనిందో లేదో మేత ముట్టడం మానేసింది, కూలబడింది, ఇక లేవలేదు. విరుదునగరం నుంచి పశువుల డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. పాలు వట్టిపోయిన రోజుల్లో కొవ్వు పట్టించారనీ, అలాంటి ఆవు ఈనాక తినదనీ, ఒంట్లో కొవ్వు కరిగి కాలేయాన్ని పాడుచేస్తుందనీ చెప్పాడాయన. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, అరచెయ్యి వేస్తే మాత్రం తగలాలి అన్నాడు.

రెండో ఆవు చూలు కట్టి, పాలు వట్టిపోయినప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇదీ పోతే ఇంకో ఆవును తెచ్చుకునే ధైర్యం నాకు లేదు. ఫ్యాక్టరీ బండి ఎక్కేముందు ఒకసారి, దిగగానే ఒకసారి పక్కటెముకలు తడిమేదాన్ని. వంట మధ్యలో లేచి వెళ్లి మళ్లీ తడిమేదాన్ని.

"ఏమ్మే, తడివి తడివి దాని తోలు అరగదీస్తావా? ఒక తావ కూసో!" అని మా అత్త గదిమేది.

కూర్చుంటే కదా! ఒక సాయంత్రం ఎంత నొక్కినా ఎముక తగల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తొట్టి బోర్లించేసి, ఈనేదాకా కుడితి తేవద్దని ఇంటింటికీ చెప్పొచ్చాను. అందరూ సణిగి ఊరుకున్నారు. ఎదురింటి అక్క మాత్రం తెచ్చిన కుండను మా గుమ్మం ముందే మట్టిలో పారబోసి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కుళాయి దగ్గర ఎదురుపడినా మొహం తిప్పుకునేది. ఏం పొగరు అనుకున్నాను.

ఒకరోజు తెల్లారగానే ఆవు ఈనింది. పెయ్యదూడ. నేను చూస్తుండగానే తల్లి తనంతట తానే లేచి నిలబడి, జొన్నచొప్ప లాక్కుని నమలసాగింది. నాకు ఏడుపు ఆగలేదు.

సీంపాలు అన్ని ఇళ్లకూ ఇచ్చి చివరికి ఎదురింటికి వెళ్లాను.

"నాకొద్దు," అంది అక్క.

"ఎందుకక్కా?"

"ముందటి ఆవుని నా కూడే సంపిందని గదా కుడితి వద్దన్నావు? నిజం జెప్పు మే. అప్పట్నించి నాకు నిద్దరే లేదు."

అయ్యో! నేను పొగరనుకున్నది ఇదా?

"నీ కూడు ఒకటేనా అక్కా? పుణ్ణాక్కు నానేసి నానేసి పెట్టింది నేను గాదా? అందరం ముద్దుజేసి సంపుకున్నాం."

ఆమె గిన్నె అందుకుని లోపలికి పోయింది. నేను ఇల్లు చేరేలోపే కుడితి కుండతో నా వెనకే వచ్చింది. తొట్లో వంచలేదు. కుండ కింద పెట్టి, ఆవు పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూసింది.

"ఎముక తగుల్తాండాది," అంది. "ఇంక పొయ్యొచ్చునా?"

"పొయ్యి అక్కా. ఇంక పాలిస్తాది గదా, ఒళ్లు కరుగుతాది. కొంచెం కొంచెంగా పెంచుదాం. అన్నం మటుకు వద్దు."

ఆమె మోచేతి దాకా చెయ్యి కుండలో ముంచి, అడుగు నుంచి పిడికెడు అన్నం తీసింది.

"ఏం జేసేది, ఎయ్యొద్దనుకున్నా చెయ్యి వినలే," అంది, కళ్లు తుడుచుకుంటూ.