తోక ముడిచిన సింహం కింద నా పరుపు

ఇంగ్లీషు దొరలు తమ దొరతనాన్ని డిక్షనరీలో పాతిపెట్టి చేతులు కడుక్కున్నారు. మనవాళ్ళు దాన్ని తవ్వి తీసి, మెల్బోర్న్ శివార్లలో అద్దె ఇళ్ళలో కాపురం పెట్టించారు. చదువుకునే రోజుల్లో వెర్రిబీలో అలాంటి సంస్థానం ఒకదానిలో నేనూ ఉన్నాను.

లీజు ఎవరి పేరున ఉంటే ఆయనే అన్న. మిగతా ముగ్గురం ఆయన దయ. ఇద్దరు హాల్లో పరుపులు వేసుకునేవారు. నాకు తలుపున్న చిన్న గది దక్కింది, రోజూ పప్పూ అన్నం వండే ఒప్పందం మీద. పాత సామాన్ల దుకాణంలో కొన్న లావుపాటి డిక్షనరీతో ఇంగ్లీషు నాకు నేనే నేర్పుకుంటున్నాను. మా ఇల్లు అందులో ఉన్నదున్నట్టు దొరికింది. చాకిరీకి బదులుగా ప్రభువు ఇచ్చే భూమి ఫీఫ్. పుచ్చుకునేవాడు వాసల్. వాడు మోకరిల్లి, జోడించిన చేతులు ప్రభువు చేతుల మధ్య పెట్టి 'నీవాణ్ణి' అని ఒప్పుకోవడం హోమేజ్. మా అన్న మోకాళ్ళ దాకా రానివ్వలేదు, గరిటెతో సరిపెట్టాడు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఆ తలుపు కోసం నేను దేనికైనా సిద్ధమే.

అంతలో అన్నకి సంబంధం వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆదివారం చర్చి అయ్యాక పిల్ల తల్లిదండ్రులు ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు. అన్న షాపింగ్ సెంటర్‌కి పరిగెత్తాడు. అక్కడ ఇంటిపేరు చెబితే వంశచిహ్నం అచ్చువేసి ఇచ్చే కొట్టు ఉండేది. తన కృష్ణా జిల్లా ఇంటిపేరు చెప్పాడు. మిషన్ ఏమాత్రం తొణక్కుండా డాలు మీద ఎర్ర సింహాన్ని వేసి ఇచ్చింది. అన్న దానికి ఫ్రేము కట్టించాడు.

"అంకులోళ్ళకి దీని మీనింగ్ నువ్వే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యాల్రా. గ్రాండ్‌గా ఉండాలి. తేడా వచ్చిందో, హాల్లోకి షిఫ్ట్ అయిపోతావ్."

ఆదివారం రానే వచ్చింది. ఎరుపుని ఎరుపంటే దొరతనం తగ్గుతుందని గ్యూల్స్ అన్నారని చెప్పాను. వెనక కాళ్ళ మీద లేచి పంజా విసిరితే రాంపంట్ అంటారన్నాను. అన్న ఛాతీ పొంగింది. అంకుల్ కళ్ళజోడు సవరించుకుని ఫ్రేము దగ్గరికి వెళ్ళారు.

"మరి తోక కాళ్ళ సందులో పెట్టుకుందేంటి బాబూ? దానిక్కూడా వర్డ్ ఉంటదా?"

ఉంది. ముందురోజే చూశాను. అన్న నా వైపు చూశాడు. అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. కానీ పంతులు లేకుండా చదువుకున్నవాడికో రోగం ఉంటుంది, తెలిసిన మాట కడుపులో నిలవదు.

"ఉందంకుల్. కౌవర్డ్ అంటారు. పిరికి సింహం."

అంకుల్ సోఫాలో కూలబడి నవ్వారు. "పర్లేదబ్బాయ్, మా ఇంట్లో సింహం కూడా అట్టాగే కూర్చుంటది. మీ ఆంటీనడుగు."

"అందుకే ఇన్నాళ్ళు కూర్చోనిచ్చా," అన్నారు ఆంటీ.

సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. నా సంగతీ ఆ సాయంత్రమే తేలిపోయింది. విశ్వాసం తప్పిన వాసల్ నుంచి భూమి వెనక్కి లాక్కోవడానికి కూడా దొరల దగ్గర మాట ఉంది, ఫోర్ఫీచర్. ఆ విశ్వాసఘాతుకం వల్లే పెళ్ళి కుదిరితే ఏం చెయ్యాలో డిక్షనరీ రాయలేదు. నా గదిలోకి అన్న సూట్‌కేసులు వెళ్ళాయి. నేను హాల్లోకి వచ్చాను. ఫ్రేము సరిగ్గా నా తలవైపు గోడకి ఎక్కింది. పక్కన ఇద్దరు టీవీలో క్రికెట్ చూస్తుంటే, ఆ తోక కింద కూర్చుని పరీక్షలకి చదివాను.

గరిటె మాత్రం అన్న వెనక్కి తీసుకోలేదు.

"రేయ్, రేపు పప్పులో మామిడికాయ వెయ్," అన్నాడు, నా తలుపు మూస్తూ.